అమ్మవారి పేరు చెప్పి

నాకు కోపం ముందు, బుద్ధి తర్వాత. 2001లో, ఎండలు మొదలయ్యే అరవ నెల పంగునిలో, కోవిల్‌పట్టిలో మేం పనిచేసే అగ్గిపెట్టెల కంపెనీ షెడ్డులో ఆడవాళ్ళకు క్యాంపు పెట్టారు. ముప్పై దాటినవాళ్ళకు గర్భసంచి మూతి మీద పుల్లటి మందునీళ్ళు అద్ది చూశారు. నేను సిగ్గుపడి తప్పించుకున్నాను. నా కోడలు సెల్వరాణి చూపించుకుంది. తెల్లమచ్చ లేచిందన్నారు.

"ఇది క్యాన్సర్ కాదు," అని నర్సు రాజాత్తి అరవంలో నాకు విడమరచి చెప్పింది. "ఒక వైరస్ చేసిన పని. వదిలేస్తే ఏళ్ళ తరబడి ముదిరి క్యాన్సర్ కావచ్చు. వచ్చే గురువారం ఈ చీటీతో విరుదునగర్ ఆసుపత్రికి తీసుకురండి. చలిమందు పెట్టి మచ్చను మాడ్చేస్తారు. పది నిమిషాల పని."

"అది ఎట్లా వస్తుంది?" అన్నాను.

"ఆడా మగా కలయికతో. చాలామందికి వస్తుంది, దానంతటదే పోతుంది. కొందరిలో ఉండిపోతుంది."

నేను మొదటి మాట ఒక్కటే విన్నాను. ఇంటికొచ్చి కోడలి లోటా వేరు పెట్టాను. నా కొడుకు సంగిలి అగ్గిపెట్టెల లారీ తోలుతూ నెలకు ఇరవై రోజులు ఊళ్ళు తిరుగుతాడన్నది నాకు తట్టలేదు. అబద్ధమెందుకు, తట్టనివ్వలేదు.

ఆ మంగళవారం మా వీధి మారియమ్మ పండుగకు కాపు కట్టారు. చేతికి పసుపుదారం కట్టుకున్నవాళ్ళు పొంగలి అయ్యేదాకా ఊరి ఎల్ల దాటకూడదు. కాపు కట్టుకుని మొలకల కుండ ఎత్తేవాళ్ళలో సెల్వరాణి పేరు నేనే ఇచ్చాను. కావాలనే ఇచ్చాను.

"అత్తా, నర్సక్క గురువారం రమ్మనె గదా," అంది భయంభయంగా.

"కాపు కట్టుకోని ఎల్ల దాటితే అమ్మ ఊరుకుంటాదా? మొదుట ఆ రోగం ఎవుడిచ్చినాడో చెప్పు, తరవాత పోదువు."

ఆమె పోయి మొలకల కుండకు నీళ్ళు చల్లింది. పండుగ అయింది, దారం విప్పింది. మళ్ళీ అడిగితే తప్పు ఒప్పుకున్నట్టవుతుందని అడగలేదు. అది తెలిసే నేనూ ఆ మాట ఎత్తలేదు.

రెండేళ్ళకు మళ్ళీ క్యాంపు వచ్చింది. ఈసారి రాజాత్తి నా చెయ్యి వదల్లేదు. చూస్తే నాకూ అదే తెల్లమచ్చ.

"నా మొగుడు పోయి పదేళ్ళు! ఆయన తప్ప ఇంకో మగాడి నీడ ఎరగను!" అని అరిచాను.

"ఎవరు కాదన్నారమ్మా? అది ఏళ్ళ తరబడి లోపల దాక్కుని ఉండగలదు. ఎవరి నుంచి, ఎప్పుడు వచ్చిందో ఎవరూ చెప్పలేరు."

గురివింద గింజకు తన కింది నలుపు తెలియదంటారు. తప్పు చేయని పిల్లను రెండేళ్ళు నా ఇంట్లోనే దొంగను చూసినట్టు చూశాను.

మర్నాడే ఆమెను వెంటబెట్టుకుని విరుదునగర్ బస్సెక్కాను. నాకు చలిమందు పెట్టారు. కాస్త నొప్పి, అంతే. సెల్వరాణిని చూశాక డాక్టరమ్మ ముఖం మారింది. మచ్చ లోపలికి పాకిందనీ, చలిమందు చాలదనీ, ముక్క కోసి మదురైకి పరీక్షకు పంపితే గానీ ఏ సంగతీ చెప్పలేననీ అంది.

"చీటీ రాసిచ్చి రెండేళ్ళయింది. ఇన్నాళ్ళూ ఏం చేస్తున్నావు?"

"భయపడి రాలేదు డాక్టరమ్మా," అంది సెల్వరాణి. నా వైపు చూడను కూడా లేదు.

"మీ అత్తగారిని చూసి నేర్చుకో. ఇంత వయసులో, తెలిసిన మర్నాడే వచ్చింది."

సెల్వరాణి తలాడించి, తన సంచి నా ఒళ్ళో పెట్టి, నర్సు వెంట లోపలికి వెళ్ళింది. డాక్టరమ్మ నన్ను చూసి మెచ్చుకోలుగా నవ్వింది. నేను కాదనలేదు.