పలికితేనే హాజరు

"ఆడదానికి అంత గొంతేంటే? నాలుగు వీధులవతలకి వినపడుద్ది," అని అత్త పాపాయమ్మ అన్నప్పుడల్లా మరిడమ్మ చేపల తట్ట సర్దుకుంటూ ఊరుకునేది. ఆ గొంతెత్తి కేకేస్తేనే కాకినాడ వీధుల్లో తట్ట ఖాళీ అవుతుందనీ, తట్ట ఖాళీ అయితేనే ఉప్పాడలో ఈ ఇంటి పొయ్యి వెలుగుతుందనీ అత్తకి తెలియక కాదు. ఇంట్లో మాత్రం "ఆఁ, వత్తన్నా" అనడానికే ఆ గొంతు పనికొచ్చేది. నీళ్ళకి పిలిస్తే పలకాలి, కూటికి పిలిస్తే పలకాలి.

ఆ రోజు తట్ట గుమ్మంలోనే దించేసి బడికి పరుగెత్తింది. తొమ్మిదేళ్ళ కూతురు వెంకటదుర్గ పేరు కొట్టేశారట. పిల్లకి పుట్టు చెవుడు, మాట రాలేదు. "మాట రాందానికి చదువేంటే? ఇంట్లో వలలు బాగుచేసుకోనీ," అన్నాడు మొగుడు సత్తియ్య. కాకినాడలో వికలాంగులకి సర్టిఫికెట్లిచ్చే క్యాంపులో ఓ మేడమ్‌గారు చేతిలో పెట్టిన కాగితం పట్టుకుని, అతనితో పోట్లాడి మరీ చేర్పించింది. తొంభై అయిదులోనే చట్టం వచ్చిందని అందులో ఉందట. ఇలాంటి పిల్లలకి పద్దెనిమిదేళ్ళు నిండేదాకా ఉచితంగా చదువు చెప్పాల్సిందేనట.

"మూడు నెలల్లో ఒక్కరోజూ హాజరు లేదమ్మా," అంటూ రిజిస్టరు తిప్పి చూపించారు హెడ్మాస్టరుగారు.

"రోజూ నేనే దింపి వెళ్తన్నానండి. ముందు వరసలోనే కూచుంటదండి."

"కూచుంటే సరిపోదమ్మా. పేరు పిలిస్తే ప్రెజెంట్ సార్ అనాలి. పలికితేనే హాజరు."

మరిడమ్మకి ఒళ్ళు మండిపోయింది. ఎదురుగా పిల్ల కూచునుంటే లేదని రాసుకున్నాడా ఈ మనిషి! అంతలోనే ఇంకేదో కలుక్కుమంది. పెళ్ళయి వచ్చిన పన్నెండేళ్ళుగా ఇంట్లో పిలిచిన ప్రతిసారీ పలికిన తను మాత్రం ఎవరి లెక్కలో ఉంది? "రోజంతా ఏం చేత్తావే నువ్వు?" అని సత్తియ్య నిన్న కూడా అన్నాడు. పలకలేని పిల్లా లేనట్టే, పలికి పలికి గొంతు అరిగిన తల్లీ లేనట్టే. ఏడుపొచ్చింది గానీ ఏడవలేదు. కొంగుముడి విప్పి కాగితం బల్ల మీద పెట్టింది.

"పేరు మళ్ళీ రాయండి. లేదంటే ఇది పట్టుకుని కలెక్టరాఫీసుకెళ్తానండి."

ఆయన రెండుసార్లు చదివి, విసుక్కుంటూనే రాశారు. "రాశాను సరే. రేపు పిలిస్తే ఎవరు పలుకుతారు?"

మర్నాడు పొద్దున్నే సత్తియ్య చద్దన్నానికి పిలిచాడు. అత్త నీళ్ళకి పిలిచింది. మరిడమ్మ పలకలేదు. తట్ట నెత్తికెత్తుకుని, పిల్ల చెయ్యి పట్టుకుని బడికి నడిచింది. పిల్లని లోపల కూచోబెట్టి తను కిటికీ పక్కన నిలబడింది.

"వెంకటదుర్గ," అన్నారు హెడ్మాస్టరుగారు తలెత్తకుండా.

"ఉందండీ!"

ఆ కేక నాలుగు వీధులవతల పాపాయమ్మకి కూడా వినపడింది.