ఏ పనికీ రాని ఆయాసం

"కాళ్ళెత్తండి మామయ్యా" అని నేను అడగనక్కర్లేదు. చీపురు చప్పుడు వినగానే మామగారు పేపర్లోంచి తలెత్తకుండానే రెండు కాళ్ళూ పైకెత్తుతారు. నేను కుర్చీ కింద ఊడ్చి ముందుకు వెళ్ళాక దించుతారు. ఇంటి పనిలో ఆయన వాటా అది. దాన్ని ఒక్కరోజు కూడా ఎగ్గొట్టలేదు. ఆ తర్వాత నేను పెరట్లో తడి దుప్పట్లు దులిపి తీగ మీద వేస్తుంటే కుర్చీలోంచే "అంచు నేలకి తగులుతోందమ్మా" అంటారు. అజమాయిషీ కూడా పనేనని ఆయన గట్టి నమ్మకం.

నా ఉద్యోగం మీద మాత్రం అంత నమ్మకం లేదు. నేను ఆసుపత్రిలో రెస్పిరేటరీ థెరపిస్టుని. ఊపిరాడక వెంటిలేటర్ మీదున్న మనిషికి దాని సాయం కాస్త కాస్త తగ్గిస్తూ, చివరికి గొట్టం తీసి సొంత ఊపిరి మీద నిలబెట్టడం నా పని. గొట్టం తీసిన మనిషి బొంగురు గొంతుతో మొదటిసారి "మంచినీళ్ళు" అన్నప్పుడు నాకు కలిగే గర్వం ఇంటికొచ్చాక ఎవరికీ చెప్పలేను. "ఊపిరి పీల్చడం పుట్టగానే ఎవరూ నేర్పకుండానే వస్తుంది. దానికో చదువూ, దానికో జీతమూ" అని మామగారు చుట్టాలను నవ్విస్తారు. అత్తగారైతే నన్ను "మా గాలి డాక్టరు" అని పరిచయం చేస్తారు. అందులో వెటకారం ఎంతో, మురిపెం ఎంతో ఇప్పటికీ తేల్చుకోలేదు.

ఈమధ్య నా కోరిక ఒకటి తీరబోయి ఆగింది. మేము నయం చేసి పంపినవాళ్ళు కొన్నాళ్ళకే మళ్ళీ రొప్పుతూ వస్తారు. మెట్లెక్కడం, స్నానం చెయ్యడం, వంగి చెప్పులు తొడుక్కోవడం లాంటివి ఊపిరి అందేలా ఎలా చెయ్యాలో వాళ్ళకు ఎవరూ నేర్పరు. అలాంటివాళ్ళ కోసం సాయంత్రం పూట క్లాసు పెడదామని ఏడాదిగా పెద్ద డాక్టరమ్మ వెంటపడుతున్నాను. చివరికి ఆవిడ "సరే, నువ్వే నడుపు. నెలాఖరులోగా ఏ సంగతీ చెప్పు, లేకపోతే ఆ గది ఇంకెవరికో ఇచ్చేస్తారు" అన్నారు. ఇంట్లో చెప్పాను. "సాయంత్రం వంట?" అన్నారు అత్తగారు. మా ఆయన ఎంతో పెద్దమనసుతో "చెయ్యి, నేనెప్పుడైనా వద్దన్నానా? కాకపోతే ముందు ఇల్లు ఒక దారికి రానీ" అన్నారు. ఇల్లు దారికి రావడమంటే ఏమిటా అని చాలాసేపు ఆలోచించాను. ఇంటికి కాళ్ళు లేవు. ఎవరో ఒకరు దాన్ని దారికి తేవాలి. ఆ ఎవరో ఒకరికి సాయంత్రాలు ఖాళీ ఉండవు.

అంతలో మామగారికి దగ్గు పట్టుకుంది. ఒకప్పుడు సిగరెట్లు తెగ కాల్చిన మనిషి. మా ఆయన ఆసుపత్రికి తీసుకొస్తే, పెద్ద డాక్టరమ్మ చూసి పరీక్షకు నా గదికే పంపారు. యూనిఫాంలో ఉన్న నన్ను చూసి మామగారు కుర్చీ అంచున కూర్చున్నారు. ఇంట్లో ఆయన అలా కూర్చోగా నేనెప్పుడూ చూడలేదు. వచ్చిన ప్రతివాళ్ళనీ అడిగే ప్రశ్నే ఆయన్నీ అడిగాను.

"ఇంట్లో ఏ పని చేసేటప్పుడు ఆయాసం వస్తుంది మామయ్యా?"

"ఏ పనికీ రాదు."

"బట్టలు ఆరేస్తే?"

"నేనెందుకు ఆరేస్తానమ్మా?"

"నీళ్ళ బకెట్టు ఎత్తితే?"

ఆయన కొడుకు వైపు చూశారు. "ఏమిట్రా ఈ ప్రశ్నలు?"

"పక్క దులిపితే? వంగి ఊడిస్తే?"

"చెప్తున్నాగా, నాకు ఆయాసమనేదే లేదు."

"హమ్మయ్య" అన్నారు మా ఆయన. "ఏమీ లేదని రాసెయ్ మరి."

నేను రాయలేదు. ఊపిరి బలం కొలిచే యంత్రం గొట్టం మామగారి నోటికి అందించి "ఊదండి, ఇంకా ఊదండి, ఇంకా, ఆపకండి" అని అరిచాను. మామగారి మీద గొంతెత్తడం అదే మొదలు. పరీక్ష కనీసం మూడుసార్లు చెయ్యాలన్నది నియమం కాబట్టి మూడుసార్లూ ఎత్తాను. తెర మీద గీత ఎక్కాల్సినంత ఎక్కలేదు. ఆ వయసు మనిషి ఊదాల్సినదాంట్లో సగం కూడా లేదు.

"ఆయాసం లేక కాదు మామయ్యా" అన్నాను. "ఆయాసం వచ్చే పని ఏదీ చెయ్యక."

ఆ మాట నోట్లోంచి వచ్చాకే నాకూ తట్టింది. ఇన్నేళ్ళుగా ఈ ప్రశ్న అడుగుతున్నాను. ఆడవాళ్ళు వేళ్ళు మడుస్తూ చెప్పుకుపోతారు, రాసుకోలేక కాస్త ఆగమంటాను. మగవాళ్ళలో చాలామంది "మెట్లు" అని ఊరుకుంటారు. మొహమాటపడుతున్నారనుకునేదాన్ని.

మందుతో పాటు చేతులు పైకెత్తే వ్యాయామం కూడా చెయ్యాలి. నీళ్ళ సీసాలు పట్టుకుని ఎత్తమంటే "పిచ్చివాడిలా ఉత్తినే సీసాలెత్తనా?" అని విసుక్కున్నారు. "అయితే తడి బట్టలెత్తండి, బరువు సరిపోతుంది. ఎత్తేటప్పుడు పెదాలు సున్నాలా చుట్టి, వేడి టీ మీద ఊదినట్టు ఊదాలి" అన్నాను. అదే చీటీ మీద రాసి తీసుకెళ్తే పెద్ద డాక్టరమ్మ నవ్వాపుకుంటూ సంతకం పెట్టారు. అంతే, మామగారు ఒప్పేసుకున్నారు. కోడలు చెబితే చాకిరీ, డాక్టరు సంతకం పెడితే చికిత్స.

అలా మామగారు తీగ కింద నిలబడ్డారు. వేలికి ఆక్సిజన్ చూసే క్లిప్పు, జేబు నిండా బట్టల క్లిప్పులు. మొదటిరోజు రెండు జేబురుమాళ్ళకే కూలబడ్డారు. "లోపలికి రండి, పక్కింటివాళ్ళు చూస్తున్నారు" అన్నారు అత్తగారు గుమ్మంలోంచి. "చూడనీ. ఇది వైద్యం" అన్నారాయన రొప్పుతూనే. నెమ్మదిగా తువ్వాళ్ళ దాకా, అక్కణ్ణుంచి దుప్పట్ల దాకా వచ్చారు. పనితనంతో పాటు చిరాకూ వచ్చింది. "చొక్కాకి భుజం మీద క్లిప్పు పెడతారటమ్మా ఎవరైనా? గుర్తులు పడవూ?" అని నాకే పాఠం చెప్పారు. ఒకరోజు బుట్టలోకి చూసి ఆగిపోయారు.

"రోజూ ఇన్ని బట్టలా?"

"మీకు ఇవాళ తెలిసింది" అన్నారు అత్తగారు. "నాకు పెళ్ళయిన మర్నాడే తెలిసింది." ఆపైన నా పక్కకి జరిగి, గొంతు తగ్గించి, "గిన్నెలక్కూడా ఓ చీటీ రాయించవే" అన్నారు.

నెలాఖరు వచ్చింది. పొద్దున్నే మామగారు పెరట్లో తీగ దగ్గరున్నారు. ఖాళీ అయిన కుర్చీలో మా ఆయన ఫోను చూసుకుంటున్నారు. చీపురు చప్పుడుకి, తలెత్తకుండానే, రెండు కాళ్ళూ పైకెత్తారు. అచ్చం తండ్రే. ఎన్నో ఏళ్ళ తర్వాత ఆయన నాలాంటిదాని గదిలో కుర్చీ అంచున కూర్చుని తల అడ్డంగా ఊపడం కళ్ళకు కట్టింది. నా చెయ్యి ఆగిపోయింది.

"ఇంట్లో ఏ పని చేస్తే మీకు ఆయాసం వస్తుంది?" అని అడిగాను.

ఆయన నవ్వారు. "నాకా? ఏ పనికీ రాదు."

"మంచిది." చీపురు కుర్చీకి ఆనించాను. "సాయంత్రం నా క్లాసు మొదలు. పెద్ద డాక్టరమ్మకి నిన్ననే చెప్పేశాను."

"మరి ఇల్లో?"

"ఇక్కడిదాకా ఊడ్చాను. మిగతాది మీరు దారికి తెండి."

పెరట్లో మామగారు ఊదుతున్న చప్పుడు ఆగింది. "వంగేటప్పుడు ఊదాలిరా" అని అక్కణ్ణుంచే కేకేశారు. "పీల్చడం లేచాక."

చెప్పులు తొడుక్కుని గేటు దగ్గర వెనక్కి తిరిగి చూశాను. మా ఆయన కాళ్ళు ఇంకా గాల్లోనే ఉన్నాయి.