కారుకు వేసిన ముడి

నా కారు కూర్చుండిపోయింది. పంక్చరై కాదు, టైర్లలో గాలి నిండుగానే ఉంది. నాలుగు చక్రాల మీదికీ పొట్ట జార్చుకుని, సముద్రం ఒడ్డున మా పాలెమంతా చూస్తుండగా మా వాకిట్లో చతికిలబడి ఉంది. టైరుకీ దాని మీది రేకుకీ మధ్య మొన్నటిదాకా నా చెయ్యి సులువుగా పట్టేది. ఆ ఉదయం రెండు వేళ్లు కూడా దూరలేదు.

వెంకటాచలంలో మా చెల్లెలి కూతురి ఓణీల ఫంక్షన్‌కి పోయి, పొద్దున్నే పాలెం చేరాను. ఆటో దిగుతూనే కారును చూశాను. సంచి అక్కడే పడేశాను. ఇది ఎవరి పనో అడగాల్సిన పని లేదు. మా మరిది చిన్నాకు కారు నేలను రాసుకుంటూ పోవాలని పిచ్చి. రొయ్యల కంపెనీలో పనికి పోయి వచ్చాక ఫోన్లో వాడు చూసేవన్నీ అవే. నెల్లూరులో ఒక షాపువాడు పొట్టి స్ప్రింగుల సెట్టు రేటు చెబితే, ఆ డబ్బుకి ఇలాంటి పాత జెన్ కారు ఇంకోటి వస్తుందని వాడే నవ్వుతూ వచ్చి చెప్పాడు. ఇంకో మెకానిక్ అయితే ఉన్న స్ప్రింగునే గ్రైండరుతో ఒక చుట్టు కోసేస్తే సరిపోతుందన్నాడట. నా కారు స్ప్రింగు కోశావంటే నిన్ను కోస్తానని అప్పుడే చెప్పాను. అది ఆడవాళ్లను ఎక్కించుకుని షికారు తిరిగే కారు కాదు. బిట్రగుంట రైల్వే కాలనీలో ఒక గార్డుగారు అమ్మితే నా చెవికమ్మలు తీసి కొనుక్కున్నాను. వెనక సీటు పీకేసి, టార్పాలిన్ పరిచి, చేపలకు ఐసు పెట్టెలు పెట్టుకున్నాను. నాయుడుపేటలో డ్రైవింగు నేర్చుకున్నాను. మా పాలెంలో కారు నడిపే ఆడది నేనొక్కదాన్నే.

చిన్నా పళ్లు తోముకుంటూ బయటికి వచ్చి, నా ముఖం చూసి మళ్లీ లోపలికి పోబోయాడు. నిలబెట్టాను. వాడు కొయ్యలేదట. ఆ మాట చెప్పేటప్పుడు వాడి గొంతులో గొప్ప చూడాలి. ఐసు పెట్టెల్లో తడి ఇసుక నింపి కార్లో ఎక్కించారట. దాని మీద వాడి స్నేహితులు కూర్చున్నారట. ఆ బరువుకి స్ప్రింగులు అణిగాక, వాటి చుట్లన్నీ కలిపి బోటు తాడుతో బిగించి కట్టేశారట. ఇసుక దించేశాక కూడా కారు పైకి లేవలేదట. పైసా ఖర్చు లేదు, నెల్లూరులో ఫోటోలు దిగి రాగానే విప్పేస్తానన్నాడు.

ఇప్పుడే విప్పమన్నాను. విప్పాలన్నా మళ్లీ ఇసుక నింపాలి వదినా, పూట పడుతుంది అన్నాడు.

నాకు పూట లేదు. బోట్లు వచ్చేశాయి. నాయుడుపేటలో మెస్ నడిపే రోజారమణి, ఆ రోజు నుంచి మెస్‌కి కావాల్సిన చేపలన్నీ నా దగ్గరే కొంటానని మాటిచ్చింది. అప్పటిదాకా ఆమెకు చేపలు వేసింది రంగనాయకులు. మా పాలెం చేపలకు ఆయనే ఏజెంటు. వ్యాన్ తెచ్చుకుని రేవులో నిలబడతాడు, ఆయన చెప్పిందే రేటు. బస్సువాళ్లు వాసనని మా తట్టలు ఎక్కించుకోరు, ఆటోవాళ్లు మొహం తిప్పుకుంటారు, ఆ సంగతి ఆయనకు బాగా తెలుసు. ఆయన ముందు చెయ్యి చాపకుండా బతకాలనే నేను కారు కొన్నది. ఇన్నాళ్లూ సంతలు తిరిగి చిల్లరగా అమ్ముకున్న నాకు ఇదే మొదటి పెద్ద బేరం. మొదటి రోజే నేను పోకపోతే రోజారమణి మళ్లీ ఆయనకే ఫోన్ చేస్తుంది. ఇదంతా మా ఇంట్లో అందరికీ తెలుసు.

నా మొగుడు మాల్యాద్రి పక్కనే కూర్చుని వల బాగు చేసుకుంటున్నాడు. నేను తమ్ముణ్ణి అంతలేసి మాటలంటుంటే తలెత్తలేదు. పాలెం దాటగానే ఉప్పుకాలవ మీద చప్టా ఉంది, సముద్రం పోటుకి దాని మీద నీళ్లు నిలబడతాయి, ఈ కారుతో ఎట్లా పోయేదని ఆయన్నే అడిగాను. సూది ఆపకుండానే, "దాటుద్దిలే, పో," అన్నాడు. ఆయన మాట నమ్మాను. నీళ్ల సంగతి ఆయనకంటే నాకు తెలుసా అనుకున్నాను.

దాటలేదు. చప్టా మొదట్లో పగిలిన సిమెంటు అంచు బండి పొట్టను గీరింది. ఆ చప్పుడుకి నా పళ్లు జివ్వుమన్నాయి. ఇంకొంచెం ముందుకు పోయేసరికి నీళ్లు బంపరు మీదికి వచ్చాయి, సైలెన్సరు గుడగుడమని ఇంజను ఆగిపోయింది. ఎన్నిసార్లు తాళం తిప్పినా ఉలుకూ పలుకూ లేదు. చీర మోకాళ్ల దాకా ఎగ్గట్టుకుని నీళ్లలో దిగి నెట్టాను. కారు కదల్లేదు. రేవులోనుంచి అందరూ చూస్తున్నారు గానీ ఎవరూ రాలేదు. ఎండెక్కుతోంది. పెట్టెల్లో ఐసు కరిగి చుక్కలు పడటం వినపడుతోంది.

వెనకనుంచి వచ్చింది రంగనాయకులు వ్యానే. ఆయన అద్దం దించి చాలా జాలిగా మాట్లాడాడు. తిట్టినా బాగుండేది. ఎండకు సరుకు పాడైపోతుందమ్మా, ఇస్తే తీసుకుపోతా, లేకపోతే కాకులకు వేసుకో అన్నాడు. ఇచ్చాను. ఆయన చెప్పిన రేటుకే ఇచ్చాను. ఆ పెట్టెలు నా చేతులతో మోసి ఆయన వ్యాన్‌లో పెట్టాను. అవి మా బోటు పీతలు, మా బోటు కానాగంత చేపలు. తల కొట్టేసినట్టయింది. రోజారమణికి ఫోన్ చేస్తే, ఆమె అరవలేదు. రేపొక్కరోజు చూస్తాను ధనలక్ష్మీ, రేపు కూడా రాకపోతే ఇక రావద్దు అని పెట్టేసింది.

రొయ్యల గుంటల దగ్గర ట్రాక్టరువాణ్ణి బతిమాలి కారును పాలేనికి లాగించుకున్నాను. నీళ్లు ఆరాక ఇంజను లేచింది. నా కోపం ఆరలేదు. చిన్నాను చొక్కా పట్టుకుని ఈడ్చుకొచ్చి, నా కళ్ల ముందే ఆ తాళ్లు విప్పు అన్నాను. వాడు వెనక చక్రం పక్కన పడుకున్నాడు. ఎంతసేపు లాగినా ముడి ఎక్కడ మొదలైందో వాడికి దొరకలేదు. జరుగు అని వాణ్ణి నెట్టి, ఫోన్ లైటు వేసి నేనే చూశాను.

మా పాలెంలో ఒక్కో ఇంటిది ఒక్కో ముడి. వల తెగి కొట్టుకుపోయి ఎవరికైనా దొరికితే, ముడి చూసి ఎవరింటిదో కనిపెట్టి తెచ్చిస్తారు. మా ఇంటి ముడిలో తాడు రెండుసార్లు మెలి తిరిగి ఎడమ పక్కనుంచి కిందికి దూరుతుంది. మా మామ వేసేవాడు. ఇప్పుడు మాల్యాద్రి వేస్తాడు. చిన్నాకు రాదు, వాడు బోటెక్కితే వాంతి చేసుకుంటాడు. స్ప్రింగు మీద ఉన్నది మా ఇంటి ముడి. నాలుగు చక్రాల దగ్గరా చూశాను, నాలుగూ అవే. ఇంకెవరి ముడి వేసి ఉన్నా నేను చచ్చేదాకా చిన్నానే తిట్టుకునేదాన్ని. మాల్యాద్రి చేతికి ఇంకో ముడి రాదు, అందుకే దొరికిపోయాడు.

చిన్నాను అడిగితే నేల చూస్తూ చెప్పాడు. వాడు స్ప్రింగులు కొనే డబ్బు లేక ఊరుకున్నాడట. నేను ఫంక్షన్‌కి పోయిన రోజు, "తాడుతో కడదాం రారా," అని అన్నే పిలిచాడట.

మాల్యాద్రి ఇంకా ఆ వల దగ్గరే ఉన్నాడు. పోయి ఆయన ముందు నిలబడ్డాను.

"చప్టా కాడ పోటు ఉంటాదని నీకు తెలుసు కదా?"

"తెలుసు."

"కారు దాటదని కూడా తెలుసా?"

సూది ఆపాడు. "దాటకూడదనే కట్టినా," అన్నాడు.

నేను ఏమీ అనకముందే ఆయన మొదలుపెట్టాడు. ఎన్నాళ్లనుంచి మింగుకుని ఉన్నాడో, ఒక్కసారిగా కక్కాడు. "రేవులో నన్నెవురూ పేరు పెట్టి పిలవడం లా. కారామె మొగుడు, కారామె మొగుడు అంటా ఉండారు. రంగనాయకులు అందరి ముందరా అడిగినాడు, చేపలు పట్టేదానికి నీ పెళ్లాం నిన్ను ఎంతకు పెట్టుకున్నాదిరా అని. నేను తల ఎత్తుకోలేకపోతా ఉండా."

"ఈ మాట నాకు నోటితో చెప్పొచ్చు కదా మావా?"

"చెప్తే మానుకుంటావా?"

"మానుకోను."

"అందుకే," అన్నాడు.

ఒళ్లు మండిపోయింది. చిన్నా చేశాడనుకున్నప్పుడు వచ్చింది కోపమే కాదు. వాడిది తెలివితక్కువతనం, నాలుగు తగిలిస్తే తీరిపోతుంది. ఇది అట్లా తీరేది కాదు. నోరు తెరిచి వద్దంటే నేను పోట్లాడేదాన్ని, ఇల్లు పీకి పందిరి వేసేదాన్ని, పాలెమంతా వినేది, ఎవరో ఒకరు గెలిచేవాళ్లం. ఆ పోట్లాటకు ఆయనకు దమ్ము లేదు. తమ్ముడి సరదాను అడ్డం పెట్టుకుని, నేను ఊళ్లో లేనప్పుడు నా కారు కాళ్లు కట్టేశాడు. పొద్దున నా ముఖం కూడా చూడకుండా దాటుద్దిలే పో అని నీళ్లలోకి పంపాడు. ఆయన చెమటోడ్చి పట్టిన చేపలవి. అవి రంగనాయకులుకి కారుచౌకగా పోయినా ఆయనకు ఫర్వాలేదు, పెళ్లాం చేతిమీదుగా మంచి రేటుకి పోకూడదు. ఇట్లాంటి లెక్క వేసే మనిషితో ఇన్నేళ్లు కాపురం చేశానా అని ఏడుపొచ్చింది. ఏడవలేదు. ఏడిస్తే కోపం పోతుందని భయం వేసింది, నాకు అది ఇంకా కావాలి.

తాళ్లు నేనే విప్పుతానని వచ్చాడు. నా కారు మీద చెయ్యి వేయొద్దన్నాను.

పక్కింటి కామమ్మ దగ్గరికి పోయాను. కామమ్మ తన ఇద్దరు కొడుకులు పట్టిన చేపల్ని రంగనాయకులుకే పోస్తుంది, ప్రతిరోజూ ఆయన్ని తిట్టుకుంటూనే పోస్తుంది. రేపటినుంచి నీ చేపలు నేను తీసుకుపోతా, రోజారమణి నాకిచ్చే రేటే నీకూ, బండి ఖర్చు పంచుకుందాం అన్నాను. ఇన్నాళ్లూ మా బోటు చేపలు తప్ప ఇంకెవరివీ ఎక్కించుకోలేదు, మాల్యాద్రికి ఇష్టం లేదని. కామమ్మ అనుమానంగా చూసి, నీ కారే లేవకుండా పడి ఉందిగదమే అంది. దాన్ని లేపాలంటే ముందు నువ్వు అందులో కూర్చోవాలక్కా అన్నాను.

ఆమె ఒక్కతే రాలేదు, వీధిలో చేపలమ్మే ఆడవాళ్లందరినీ కేకేసుకుని వచ్చింది. ఇంకా పొద్దు గుంకలేదు. వెనక సీటు లేని చోట ఒకరి ఒళ్లో ఒకరు కూర్చున్నారు, డిక్కీ అంచు మీద ఇద్దరు, బానెట్ మీద ఇంకో ఇద్దరు. నవ్వులు, తోపులాటలు, నా కాలు తొక్కావంటే నా కాలు తొక్కావని. రేవులో మగవాళ్లు వలలు వదిలేసి చూస్తున్నారు. ఆ బరువుకి కారు ఇంకా కుంగింది, స్ప్రింగులు ఇంకా అణిగాయి, బిగుసుకుని ఉన్న తాళ్లు వదులయ్యాయి. నేను చక్రం పక్కన ఇసుకలో పడుకుని, చేపలు కోసే కత్తి లోపలికి పెట్టి ఒక్కో తాడే కోశాను. విప్పడం నాకు వచ్చు. విప్పాలనిపించలేదు. నాలుగో చక్రం అయ్యాక ఒక్కొక్కరే మెల్లగా దిగండి అన్నాను. ఒక్కో ఆడది దిగేకొద్దీ కారు కొంచెం కొంచెం లేచింది. కామమ్మ చివర దిగింది. చక్రం మీద రేకు కింద చెయ్యి పెట్టి చూశాను, పట్టింది.

ఆ రాత్రి కారు తాళాలు కొంగున కట్టుకుని పడుకున్నాను.

తెల్లారాక బోట్లు వచ్చాయి. ఆడవాళ్లు తట్టలు తెచ్చారు, పెట్టెల్లో సర్దుకున్నాం, ఐసు కొట్టి పోశాం. మాల్యాద్రి కూడా తన పెట్టె మోసుకొచ్చాడు. ఎప్పుడూ చేసినట్టే, నన్ను అడక్కుండానే డిక్కీలో ఎడమ పక్క పెట్టాడు. మంచి రొయ్య పడింది ఆ రోజు, పెట్టె నిండా ఉంది. రోజారమణి కళ్లకద్దుకుని తీసుకునే సరుకు. నేను ఆ పెట్టె కిందికి దించి, ఇసుకలో ఆయన కాళ్ల దగ్గర పెట్టాను.

"మన బోటు రొయ్యలు మే అయ్యి," అన్నాడు.

"నీ బోటు రొయ్యలు. రంగనాయకులన్న బండి వస్తాది, ఆయనకిచ్చుకో."

ఆయన చుట్టూ చూశాడు. రేవంతా నిలబడి ఉంది. గొంతు తగ్గించి, "అందరూ చూస్తా ఉండారు," అన్నాడు.

"నిన్న నేను చప్టా కాడ నిలబడుకున్నప్పుడు కూడా చూసినారు," అన్నాను.

డిక్కీ వేసి, కామమ్మను ముందు సీట్లో ఎక్కించుకుని కారు తీశాను. మొన్నటిదాకా ఆ సీట్లో ఆయన కూర్చునేవాడు.