వాకిట్లో ఆర్పని దీపం

వర్జిల్ వర్త్ వాకిట్లో పాతిన బోర్డు ఆ పొద్దున కూడా బోర్లా పడి ఉంది. దాన్ని ఎవరూ విరగ్గొట్టలేదు, ఎత్తుకుపోలేదు, బురద కూడా చల్లలేదు. నిద్రపోయిన బిడ్డను భుజం మీంచి దించి పక్క మీద పడుకోబెట్టినట్టు, ఎవరో మెల్లిగా గడ్డి మీద బోర్లించి పెట్టారు.

"గాలికేమో నాన్నా," అంది జెనెల్ గుమ్మంలోంచి.

"గాలా? కంచె గుంజలు దిగ్గొట్టే సమ్మెటతో కొట్టానే దీన్ని. కాన్సస్ గాలి నాకు కొత్తా? ఇది మనిషి పని."

అంటూనే వర్జిల్ బోర్డును మళ్లీ నిలబెట్టి, అదే గుంటలో దిగ్గొట్టాడు. దాని మీద నీలం అక్షరాలతో 'పెళ్లిని కాపాడండి, అవునని ఓటెయ్యండి' అని ఉంది. పెళ్లి అంటే ఒక మగవాడికీ ఒక ఆడదానికీ మధ్య జరిగేదేనని, ఇంకెవరికీ కాదని రాష్ట్ర రాజ్యాంగంలో రాసెయ్యాలా వద్దా అని ఆ మంగళవారం ఓట్లు. ఊళ్లో ఇంటింటికీ ఈ బోర్డులు పంచింది వర్జిలే. చర్చి మగవాళ్ల సంఘానికి అతను పెద్ద. పెళ్లాం అతన్ని వదిలేసి డెన్వర్‌లో వేరే కాపురం పెట్టి చాలాకాలమైంది. పెళ్లిని కాపాడే పనికి ఊళ్లో ఇంకెవరూ దొరకలేదా అని వెనక నవ్వేవాళ్లూ ఉన్నారు గానీ అతని ముందు ఎవరూ నవ్వరు.

వర్జిల్ ఆ బోర్డును స్తంభం కిందే పాతాడు. స్తంభం మీద దీపం ఉంది కనుక చీకటి పడ్డాక కూడా రోడ్డు మీద వెళ్లేవాళ్లకు కనపడుతుందని అతని ఆలోచన.

ఆ చుట్టుపక్కల ప్రతి పొలం ఇంటి వాకిట్లోనూ అలాంటి స్తంభం, దాని మీద దీపం ఉంటాయి. ఇంట్లోవాళ్లు ఎవరైనా బయటికెళ్తే దీపం వెలుగుతూ ఉండాలి. ఆఖరుగా ఇల్లు చేరినవాళ్లు దాన్ని ఆర్పాలి. తాతముత్తాతల రోజుల్లో లాంతరు, ఇప్పుడు కరెంటు దీపం, పద్ధతి మాత్రం అదే. వర్త్ వాళ్ల దీపం ఒక్కటే ఎప్పుడూ ఆరదు. మిట్టమధ్యాహ్నం ఎండలో కూడా పాలిపోయి వెలుగుతూనే ఉంటుంది. "వాళ్లింటికి ఇంకా ఎవరో రావాలిరోయ్," అని ఊళ్లో ఒక మాట. ఆ స్విచ్చి జెనెల్ నానమ్మ లియోనాది. దాన్ని ముట్టుకునే ధైర్యం వర్జిల్‌కి కూడా లేదు.

పక్క పొలం డెల్మర్ పికప్పు ట్రక్కు ఆపి తల బయట పెట్టాడు. "ఏరా వర్జిల్, మళ్లీ పడుకుందా నీ బోర్డు? పెళ్లయి అలిసిపోయుంటుంది పాపం."

"నవ్వకురా. ఎవడో తెలిస్తే..."

"తెలియకేం? ఇవాళ చీకటి పడగానే నా పక్షుల తుపాకీ పట్టుకుని మీ కొట్టంలో కూచుంటా. ఓ చప్పుడు చేస్తే చాలు, ఆ వచ్చినవాడు ఏ కాలేజీ కుర్రాడో, మళ్లీ కాలేజీ దాకా పరుగే."

బోర్డును బోర్లించేదెవరో జెనెల్ ముందురోజు తెల్లవారుతుండగా చూసింది. నానమ్మ రాత్రి గౌను మీదే రబ్బరు బూట్లు తొడుక్కుని, బట్టలారేసే దండెం తీగను ఒక చేత్తో పట్టుకుని, తడుముకుంటూ స్తంభం దాకా వెళ్లింది. నానమ్మ కళ్లు పోయి చాలాకాలమైంది. ఆ దీపం ఒక్కటే ఆమెకు పసుపు మరకలాగా కనపడుతుంది.

జెనెల్ పరుగున వంటింట్లోకి వెళ్లింది. నానమ్మ నూడుల్స్ కోసం పిండి ఒత్తుతోంది.

"నానమ్మా, డెల్మర్ మావయ్య తుపాకీ పట్టుకుని కాపలా కూచుంటాడట. నువ్వింక బయటికెళ్లకు."

నానమ్మ చేతులు ఆగలేదు. "చూశావా?"

"చూశాను."

"మీ నాన్నకి చెప్పావా?"

"లేదు."

"నీ నోట్లోంచి మాట రావాలంటే పటకారు కావాలిలే," అని నానమ్మ చిన్నగా నవ్వింది. ఆ నవ్వు వెంటనే పోయింది. "వాడు ఆ దీపం గుర్తు పెట్టుకునే కదే వస్తాడు. వచ్చేవాడికి మొట్టమొదట ఆ రాత కనపడాలా?"

వాడంటే ఎవరో అడగక్కర్లేదు. మెట్ల పక్క గోడ మీద చిన్నాన్న ఆల్విన్ ఫోటో ఉంది, ట్రాక్టరు చక్రం మీద కూచుని పళ్లన్నీ కనపడేలా నవ్వుతూ. రక్తం జబ్బుతో విచిటా ఆస్పత్రిలో పోయాడని చెప్తారు. అంతకుమించి ఎవరూ చెప్పరు.

"రక్తం జబ్బన్నది అబద్ధం కాదులే. దాని పేరు ఎయిడ్స్. నువ్వప్పుడు నడక నేర్చుకుంటున్నావు," అంది నానమ్మ. "శీతాకాలం మొదట్లో వచ్చాడు, చీకటి పడే వేళ. వాడి వెంట పాల్ అని ఒకబ్బాయి. వాళ్లిద్దరూ కలిసే ఉండేవాళ్లు శాన్‌ఫ్రాన్సిస్కోలో. కారు దిగి ఆ స్తంభం కింద నిలబడ్డాడు. చొక్కా కొయ్యకి తగిలించినట్టున్నాడు మనిషి. మీ తాత తలుపుకి అడ్డంగా నిలబడ్డాడు. ఇంట్లో పసిపిల్ల ఉంది, ఊరికి మొహం చూపించాలి, వెళ్లమను, అన్నాడు. వాడు గొడవ చెయ్యలేదు. నిలబడ్డాడు. నేనీ కిటికీలోంచి చూస్తున్నాను."

"నాన్నో?"

"మెట్ల మీద కూచున్నాడు. నిన్ను ఒళ్లో పెట్టుకుని."

నానమ్మ పిండి మీద అరచేయి ఆనించింది.

"దీపం ఆర్పు, చూసి చూసి వాడే పోతాడు, అన్నాడు మీ తాత. నేను ఆర్పలేదు. నా కాపురం మొత్తంలో ఆయన మాట కాదన్నది ఆ ఒక్కసారే. వెలుగైతే ఇచ్చానే, తలుపు తియ్యలేకపోయాను. కారు వెనక్కి తిరిగింది. మళ్లీ వాడి కబురు రావడం చావు కబురే."

జెనెల్‌కి తుపాకీ సంగతే మళ్లీ గుర్తొచ్చింది. "ఏదేమైనా, నువ్వింక బోర్డు జోలికెళ్లకు నానమ్మా. నీకు దండం పెడతా."

"వెళ్లను. కానీ ఒకటి చెప్తా విను. మొదటిరోజు నేను కాదు. నేను దండెం పట్టుకుని వెళ్లేసరికి అది అప్పటికే పడుకుని ఉంది. తడిమి చూశాను. మేకులు వంగలేదు, అట్ట చిరగలేదు. ఎవరు చేశారో నాకర్థమైంది. ఆ తర్వాతే వాడి బదులు నేను చేశాను."

జెనెల్ కిటికీలోంచి చూసింది. పగటి వెలుతురులో దీపం తెల్లగా, ఎవరో రెప్ప వెయ్యకుండా చూస్తున్నట్టుగా ఉంది.

నానమ్మ మాట తప్పలేదు. ఆ రాత్రి నుంచి బోర్డు నిలబడే ఉంది. "చూశావా, తుపాకీ పేరు వింటేనే పారిపోయాడు," అని డెల్మర్ మీసం తిప్పాడు. జెనెల్‌కి మాత్రం నిద్ర పట్టడం మానేసింది. పక్క మీంచి చూస్తే స్తంభం కింద నీడ ఒకటి ఉంటుంది. అది బోర్డు నీడే అని ఆమెకు తెలుసు. తెలిసినా దుప్పటి తల మీదికి లాక్కునేది.

మంగళవారం వచ్చింది. పొద్దున్నే ముగ్గురూ ట్రక్కులో ఊళ్లోకి వెళ్లారు. ఆ వారమే రోములో పోప్ గారు పోయారు. చర్చి తలుపుకీ, పక్కనున్న పారిష్ హాలు తలుపుకీ నల్లగుడ్డ కట్టారు. ఓట్లు ఆ హాల్లోనే. ఊళ్లో ఎవరు పోయినా తర్వాత భోజనాలు పెట్టేదీ అక్కడే. గుమ్మం దాటుతూ నానమ్మ గాలి పీల్చి, "వాడి పేరు మీద ఇక్కడ ఒక్క గిన్నె సూపు కూడా పెట్టలేదు," అని గొణిగింది. అది జెనెల్‌కి మాత్రమే వినపడింది.

ప్రచారం చేసేవాళ్లు హాలు దగ్గరికి రాకూడదు కనుక వర్జిల్ రోడ్డవతల కాగితాలు పంచుతున్నాడు. తల్లి లోపలికెళ్లడం చూడగానే కాగితాలు డెల్మర్ చేతిలో పెట్టి పరుగున వచ్చాడు. ఆమె చూపు పోయిన దగ్గర్నుంచి ప్రతి ఎన్నికలోనూ ఆమె ఓటు గడి నింపేది అతనే.

"పదమ్మా."

"నువ్వొద్దులేరా. ఇవాళ జెనెల్ వస్తుంది."

"దానికేం తెలుసమ్మా? దానికింకా ఓటే రాలేదు."

"చదవడం వచ్చుగా. చాలు."

బల్ల దగ్గర పేర్లు రాసుకుంటున్న బెర్నీటా, డెల్మర్ భార్య, తల ఎత్తింది. చుట్టూ ఉన్న ఆడవాళ్లు కేకు కోయడం ఆపారు. "లియోనా పిన్ని ఎవర్ని కావాలంటే వాళ్లని తీసుకెళ్లొచ్చు వర్జిల్. రూలు అదే," అంది బెర్నీటా. "నువ్వు బయటికి నడు, కాగితాలు జేబులో పెట్టుకుని లోపలికొచ్చావు."

అందరూ నవ్వారు. వర్జిల్ నవ్వుతూనే బయటికెళ్లాడు గానీ, గుమ్మంలో వెనక్కి తిరిగి కూతురి వైపు ఒక్క చూపు చూశాడు.

తెర వెనక ఇద్దరికీ చోటు సరిపోలేదు. జెనెల్ ఆ రాతంతా గుసగుసగా చదివింది. నానమ్మ కళ్లు మూసుకుని విన్నది.

"ఇందులో ఆల్విన్ పేరుందా?"

"లేదు నానమ్మా."

"ఉన్నట్టే వినపడింది. ఇంకోసారి చదువు."

జెనెల్ మళ్లీ చదివింది. "అవును పైన ఉంది. కాదు కింద ఉంది."

"కాదు."

జెనెల్ పెన్సిలు తీసింది. అంత చిన్న ఊళ్లో కాదని ఒక్క ఓటు పడినా అది ఎవరిదని రేపు అందరూ వెతుకుతారు. నాన్న చూపు ఇంకా వీపు మీదే ఉన్నట్టుంది. తను ఏ గడి నింపినా నానమ్మకి తెలియదు. పై గడి నింపి, కింద గడి నింపానని చెప్పొచ్చు. ఇల్లు నిమ్మళంగా ఉంటుంది. నానమ్మకీ తృప్తి, నాన్నకీ తృప్తి. ఎవరూ ఎప్పటికీ కనిపెట్టలేరు.

నానమ్మ చీకట్లో దండెం తీగ కోసం చాపినట్టు చేయి ముందుకు చాపింది. ఆ చేతికి పొద్దున ఒత్తిన పిండి వాసన ఇంకా ఉంది. జెనెల్ ఆ వేళ్ల మధ్య పెన్సిలు పెట్టి, తన చేత్తో పట్టుకుని, మొనను కింద గడి మీదికి తెచ్చింది. "ఇదే నానమ్మా. ఇక్కడ." నానమ్మ రుద్దింది, కాగితం చిరుగుతుందేమో అన్నంత గట్టిగా.

పొద్దు వాలుతుండగా లెక్క ముగిసింది. బెర్నీటా కాగితం తెచ్చి నల్లగుడ్డ పక్కన తలుపుకి అంటించింది. జనం మూగారు. నానమ్మ, జెనెల్ పక్కన బెంచీ మీద కూచున్నారు. అవును ఎనభై నాలుగు. కాదు ఒకటి.

"ఎవడ్రా ఆ ఒక్కడు?" అని డెల్మర్ కేక పెట్టాడు. "మర్యాదగా బయటికి రా, బీరు పోయిస్తా!"

నవ్వులు రేగాయి. కొందరు అటూ ఇటూ చూశారు. చూపులు ఒక్కొక్కటిగా వచ్చి బెంచీ మీద ఆగాయి. డెల్మర్‌కీ తట్టింది. స్నేహితుడి పరువు కాపాడాలనుకున్నాడు కాబోలు, గొంతు తగ్గించి అన్నాడు: "పోనీలేరా వర్జిల్. పాపం పిన్నికి కళ్లు కనపడవు, చిన్నపిల్ల కంగారులో గడి తప్పి ఉంటుంది. ఎవరికైనా అవుతుంది."

నాన్న అవునంటే చాలు, అంతా సర్దుకుపోతుంది. నానమ్మ గీసిన గీత గుడ్డిదాని పొరపాటుగా ఊళ్లో ఉండిపోతుంది. నానమ్మ గడ్డం ఎత్తి, కొడుకు గొంతు ఎటు నుంచి వస్తుందా అని చెవి పెట్టింది.

వర్జిల్ ఆ కాగితాన్ని, దాని పక్కన నల్లగుడ్డను చాలాసేపు చూశాడు.

"మా అమ్మకి కళ్లే పోయాయిరా," అన్నాడు. "పొరపాటేం జరగలేదు. పద జెనెల్. అమ్మా, మెట్టు జాగ్రత్త."

ట్రక్కు ఇంటి దారి పట్టింది. రెండువైపులా పచ్చటి గోధుమ పైరు చీకటిలోకి జారిపోతోంది. దూరం నుంచే స్తంభం మీద దీపం కనపడింది. "అదుగో," అంది నానమ్మ.

వాకిట్లోకి మళ్లాక వర్జిల్ ట్రక్కు ఆపి, దిగకుండా కూచుండిపోయాడు. బోర్డు బోర్లా పడుకుని ఉంది, గడ్డి మీద, మెల్లిగా, అట్ట కూడా నలగకుండా. పొద్దున్నించీ ఇంట్లో ఎవరూ లేరు. ముగ్గురూ ఊళ్లోనే ఉన్నారు. గాలి కూడా పడిపోయి, దండెం మీద బట్టలు కదలడం లేదు.

"పడుకుందా?" అంది నానమ్మ.

"ఊఁ."

"నేను కాదురా ఈసారి."

ఈసారి అన్న మాట వర్జిల్ విన్నాడు. తల్లిని తిరిగి చూడలేదు. దిగి స్తంభం కిందికి వెళ్లాడు. ఆ వెలుగులో అతని భుజాలు కుంగి కనపడ్డాయి. బోర్డు చేతిలోకి తీసుకుని, మళ్లీ పాతలేదు. చెత్త కాల్చే పీపాలోనూ వెయ్యలేదు. రాత లోపలి వైపుకి మడిచి ట్రక్కు వెనక పెట్టాడు. అక్కడే నిలబడి ఇంటి వైపు చూశాడు, ఆ చోట నిలబడితే ఇల్లు ఎలా కనపడుతుందో ఇన్నేళ్లకు తెలుసుకోవాలన్నట్టు. అక్కడి నుంచి మొదట కనపడేది తలుపు.

అతను నడిచి వచ్చి ఆ తలుపు బార్లా తీశాడు. మూసుకోకుండా కింద ఒక ఇటుక పెట్టాడు.

జెనెల్ నూడుల్స్ వేడి చేసింది. ఏప్రిల్ చలి నేరుగా వంటింట్లోకి కొడుతోంది. "తలుపు వెయ్యరా, చల్లారిపోతోంది," అంది నానమ్మ.

"ఉండనీ అమ్మా. కాసేపు."

ఆ గొంతులో ఏముందో నానమ్మకి వినపడింది. గుమ్మానికి అడ్డు లేకుండా తన కుర్చీ కొంచెం పక్కకి జరుపుకుంది. ముగ్గురూ కోట్లు విప్పకుండానే తిన్నారు. వాకిట్లోంచి దీపం వెలుగు గుమ్మం దాటి బల్ల కాళ్ల దాకా వచ్చింది. దానికి అడ్డంగా లేచి నిలబడటానికి ఎవరూ సాహసించలేదు.