జోగమ్మ కొడుకు

ఆదివారం ఆరాధన ముగియగానే సంఘపెద్ద ధర్మరాజు లేచి, వచ్చే శనివారం డిమ్నా చెరువు గట్టున తండ్రీకొడుకుల క్యాంపు పెడుతున్నామని ప్రకటించాడు. తండ్రులూ, పన్నెండేళ్ళలోపు మగపిల్లలూ రావాలి. తమ గుడారాలు తామే వేసుకుని, తమ వంట తామే వండుకుని, ఆ రాత్రికి అక్కడే ఉండాలి. కార్ఖానా పనులకి ఉత్తరాదికి వలసొచ్చి బర్మామైన్స్ బస్తీలో స్థిరపడ్డ తెలుగువాళ్ళలో ఇలాంటి సరదా ఎవరూ ఎరగరు. ఆడవాళ్ళ వైపు చాప మీద కూర్చున్న జోగమ్మ చెంగు పట్టి లాగి, ఎనిమిదేళ్ళ సూర్యం "మై భీ జావూంగా" అన్నాడు. తల్లి తెలుగులో ఎన్ని మాట్లాడినా వాడి జవాబు మాత్రం ఎప్పుడూ హిందీయే.

వెళ్దువుగానిలే అంది జోగమ్మ. బలరామ్ పెళ్ళాం భద్రమ్మతో సహా చుట్టుపక్కల ఆడవాళ్ళు ఆ మాట నోరు జారి అన్నదనుకున్నారు. జోగమ్మకి నోరు జారే అలవాటు లేదు. బాప్తిస్మం ఇచ్చేటప్పుడు పేరు మార్చుకోమంటే, ఇన్నాళ్ళూ ఈ పేరుతో పిలిస్తేనే పలికాను, దేవుడూ ఇలాగే పిలుచుకోవచ్చు అన్న మనిషి.

ఆమె కార్ఖానాలో కాంట్రాక్టరు కింద రేజా, అంటే ఆడకూలీ. పొద్దస్తమానం నెత్తి మీద ఇటుకలు మోస్తుంది. మొగుడి పేరు సన్యాసిరావు. పేరుకే సన్యాసి, నాలుగేళ్ళ కిందట పని చూసుకొస్తానని రూర్కెలా వెళ్ళి అక్కడ ఇంకో సంసారం పెట్టాడు.

ధర్మరాజు చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే జోగమ్మకి పని సులువయ్యేది, నాలుగు మాటలని చేతులు దులుపుకునేది. ఆయన ఎంతో మెత్తగా, బలరామ్‌కి ఎలాగూ ముగ్గురు మగపిల్లలున్నారు, సూర్యాన్నీ వాళ్ళతో కలిపేద్దాం, ఆ ఒక్క రోజుకీ బలరామే వీడి తండ్రి అనుకుందాం అన్నాడు.

"అరువు తండ్రి ఒద్దు బావూ," అంది జోగమ్మ. "ఆడికి నానున్నాను."

శనివారం చర్చి ముందు లారీ ఆగింది. తండ్రులు దుప్పట్లూ గిన్నెలూ సర్దుకుంటూ ఉండగానే జోగమ్మ కొడుకుని పైకెక్కించి, చక్రం మీద కాలు మోపి తనూ ఎక్కేసింది. రోజూ లారీలెక్కే మనిషికి ఎవరి చెయ్యి కావాలి? ధర్మరాజు కింద నిలబడి బతిమాలాడు. ఆడవాళ్ళు రావడం పద్ధతి కాదన్నాడు. పడక ఎక్కడంటే లారీలోనే పడుకుంటామంది. దల్మా కొండ మీంచి ఏనుగులు దిగుతాయని బెదిరించాడు. ఏనుగొస్తే మీరెటు పరిగెడితే నేనూ అటే పరిగెడతానంది. లారీలో ఉన్నవాళ్ళంతా నవ్వారు.

ఆ నవ్వుకి ఆయనా మెత్తబడి ఒక ఉపాయం చెప్పాడు. వంటమనిషిగా వస్తోందని అందరికీ చెబుదాం, అప్పుడెవరూ తప్పు పట్టరు అన్నాడు. జోగమ్మకి ఒళ్ళు మండింది.

"నాను వంటకి రాలేదు. తండ్రులొండితే నానూ ఒండుతాను. తండ్రులు కూకుంటే నానూ కూకుంటాను."

డ్రైవరు విసుగెత్తి హారను కొట్టాడు. లారీ కదిలింది.

పొద్దు వాలకముందే గుడారాలు లేచాయి. ధర్మరాజు అందరినీ గుండ్రంగా కూర్చోబెట్టి ఒక పద్ధతి చెప్పాడు. ఒక్కొక్క పిల్లవాడూ లేచి తను ఎవరి కొడుకో గట్టిగా చెప్పాలి. తండ్రి వాడి నెత్తిన చెయ్యి పెట్టి, వీడు నా కొడుకు అనాలి. అంతే. కానీ తిట్టడానికి తప్ప కొడుకుల ముందు నోరు విప్పని మగవాళ్ళు ఆ మూడు మాటలకే తడబడ్డారు. ఒకళ్ళిద్దరు కళ్ళు తుడుచుకున్నారు. జోగమ్మ ఆ ముచ్చట కళ్ళప్పగించి చూసింది. తన కొడుక్కీ అది కావాలనిపించింది. దక్కుతుందో లేదోనని మొదటిసారి భయమూ వేసింది.

సూర్యం వంతు వచ్చింది. వాడు లేచి తల్లి వైపు చూశాడు. తండ్రి పేరు చెప్పించమ్మా అన్నాడు ధర్మరాజు. జోగమ్మ పలకలేదు.

ఆయనకి నవ్వొచ్చింది. వాళ్ళ వైపు ఆడది మొగుడి పేరు పలకదు. రేషన్ ఆఫీసులో అడిగినా పక్కవాళ్ళే అందిస్తారు. ఇదీ ఆ సిగ్గే అనుకున్నాడు పాపం. ఆవిడ చెప్పదు గానీ నువ్వు అందించు అని బలరామ్‌కి సైగ చేశాడు. "సన్యాసిరావు" అన్నాడు బలరామ్. సన్యాసిరావు గారి కొడుకునని చెప్పరా అని మిగతావాళ్ళూ అందుకున్నారు. అందరిదీ మంచి మనసే. ఆ మంచితనమే జోగమ్మకి అరికాలి మంట నెత్తికెక్కించింది.

"సిగ్గు గాదు," అంటూ లేచింది. "నాలుగేళ్ళయి ఆ పేరుకి మా ఇంట అన్నం ఒండటం నేదు. ఆ పేరు నా నోట రాదు. నా కొడుకు నోటా రానక్కర్లేదు."

"అలాగంటే ఎలాగమ్మా? తండ్రి పేరు నేకండా పిల్లడు ఎవలి కొడుకని సెప్పుకుంటాడు?" అన్నాడు ధర్మరాజు.

"మరియమ్మ కొడుకని పెతి క్రిస్మస్‌కీ మీరే సదివి ఇనిపిత్తారు గదా బావూ. ఆయనకి సాలిన పేరు నా కొడుక్కి సాలదేటి?"

ధర్మరాజు పిల్లాడి వైపు తిరిగాడు. అందరూ సూర్యం వైపే చూస్తున్నారు. వాడు "మై" అని మొదలుపెట్టి ఆగిపోయాడు. తల్లి ముఖంలోకి చూశాడు.

"నాను జోగమ్మ కొడుకుని," అన్నాడు గట్టిగా, అచ్చం ఆమె మాట్లాడినట్టే.

జోగమ్మ కాయలు కాచిన చెయ్యి వాడి నెత్తిన పెట్టింది. ఈడు నా కొడుకు అంది. ఆ మగవాళ్ళలా ఆమె తడబడలేదు.

తరువాత బలరామ్ చిన్నకొడుకు వంతు. లేచాడు, సూర్యం వైపు ఒకసారి చూశాడు, ఊపిరి నిండా పీల్చాడు.

"నాను భద్రమ్మ కొడుకుని."

ఇప్పుడు అందరి కళ్ళూ బలరామ్ మీదే. అతను ధర్మరాజు వైపు చూశాడు, జోగమ్మ వైపు చూశాడు, చివరికి కొడుకు నెత్తిన చెయ్యి పెట్టాడు.

"ఈడు," అన్నాడు బలరామ్, "నాక్కూడా కొడుకే."