మూడు జానలు, మూడు వేళ్లు

పందెం మొదలవకముందే పాషా మియా అలిసిపోయాడు. సైక్లింగ్ టీముకు మెకానిక్ అంటే చూసేవాళ్లకు కారులో షికారే! ఎనిమిది సైకిళ్లు కడగాలి, చైన్లకు నూనె పెట్టాలి, చక్రాలకు గాలి కొట్టాలి, స్పేర్ సైకిళ్లు కారు మీదికి ఎక్కించాలి. వానాకాలంలో వచ్చిన చికున్‌గున్యా జ్వరమైతే పోయింది గానీ, నొప్పులు మాత్రం ఆయన వేళ్ల కణుపుల్లోనే కాపురం పెట్టాయి.

టీములో ఎవరి సీటు ఎత్తయినా ఆయన జానతోనే కొలుస్తాడు. ఇబ్రహీంపట్నం బస్ డిపో ఎదుటి దుకాణంలో ముప్పయ్యేళ్లు అట్లాగే కొలిచాడు మరి. టీములో తొక్కే నిర్మలది పెడల్ ఇరుసు నుంచి సీటు దాకా మూడు జానలు, మూడు వేళ్లు. మేనేజర్ సతీశ్ కొనిచ్చిన టేపు, కవరైనా విప్పకుండా సామాను పెట్టెలో పడి ఉంది. నిన్న బిగించిన ఆమె స్పేర్ సైకిల్‌కూ జానే పెట్టాడు.

పందెం సాగర్ రోడ్డు మీద, మాల్ అనే ఊరి దాకా పోయి రావాలి. మొదటి ముగ్గురికే జాతీయ శిబిరంలో చోటు. దానికోసమే నిర్మల మూడేళ్లుగా చెమటోడుస్తోంది.

తిరుగు దారిలో యాచారం దగ్గర ఆమె చైన్ తెగింది. పాషా మియా కారు దిగి ఉరికి, స్పేర్ సైకిల్ దించి, ఆమెను ఎక్కించి వెనక నుంచి నెట్టాడు. కళ్లు మూసి తెరిచేలోపు పని అయిపోయింది. శభాష్ అనుకున్నాడు. కానీ కారులోంచి చూస్తుంటే ఆమె మోకాళ్లు మరీ మడతపడుతున్నాయి. మాటిమాటికీ సీటు మీంచి లేచి తొక్కుతోంది. సీటు బాగా కిందికుంది.

నాలుగో స్థానం వచ్చింది.

"సీటు నట్టు లూజైనట్టుంది నిర్మలా. అయితుంటయ్ గట్ల. చాచా తప్పేం లేదు," అన్నాడు సతీశ్.

నిర్మల రోడ్డు పక్కన కూలబడింది. ఏడవలేదు. సతీశ్ అన్న ఆ మాట పట్టుకుని పాషా మియా బయటపడొచ్చు. కానీ సిగ్గుతో చచ్చిపోయాడు. చైన్ తెగిన సైకిల్‌ను కారు మీంచి దించి, ఆమె ముందే జాన పెట్టాడు. ఒకటి, రెండు, మూడు. పైన మూడు వేళ్లు ఆనించాడు. సీటు ఇంకా రెండు వేళ్లు పైకుంది. వానలకు ముందు ఇదే చేత్తో పెట్టిన సీటు అది.

"నట్టు లూజ్ కాలే బిడ్డా. నా జానే చిన్నగైంది."

"టేపుండె కద చాచా."

"ఉండె."

"వేళ్లు సాగుతలేవని ఒక్క మాటన్న చెప్పకపోతివి."

"చెప్తె ఇంటికి పొమ్మంటరని భయపడ్డ."

"నా మూడేండ్లు పోయినయ్ చాచా," అంది నిర్మల.

పాషా మియా కారు దగ్గరికి నడిచాడు. పెట్టెలోంచి టేపు తీశాడు. కవరు చింపుదామంటే వేళ్లకు పట్టు దొరకలేదు. నిర్మల లాక్కుని పళ్లతో చింపి, టేపు కొన ఇరుసు దగ్గర అదిమి పట్టింది.

"ఎంతుందో చూడు."

"డెబ్బై ఒకటి."

"రాసుకో," అంది, కళ్లు తుడుచుకోకుండానే.