గట్టిగా చెప్పాల్సిన మాట

శ్రీకాకుళంలో ఒక హైస్కూల్లో గ్లోరీ లెక్కలు చెబుతుంది. స్కూలు వార్షికోత్సవానికి ప్రేమా పెళ్లీ గొడవల మీద నవ్వించే పాత నాటకం ఒకటి వేద్దామనుకుని, ఆమెకు నాయిక వేషం ఇచ్చారు. సరదాపడి ఒప్పుకుంది. తీరా రిహార్సల్‌కి వెళ్తే, ఆమె వెంటపడి భంగపడే జమీందారు వేషం సైన్సు మాస్టారు ధర్మేంద్రది.

రెండేళ్ల కిందట ధర్మేంద్ర ఆమెను పెళ్లి చేసుకుంటారా అని అడిగాడు. ఆమెకు అతని మీద అలాంటి మనసు లేదు. ఆ మాట అనలేక, "ఇంట్లో పరిస్థితులు బాగోలేవు సార్, సూద్దాం" అంది. అప్పట్నుంచి స్టాఫ్‌రూమ్‌లో అతను ఆమె ఎదుట తలెత్తేవాడు కాదు. తన వల్లే నొచ్చుకున్నాడని ఆమెకు లోలోపల బాధ.

నాటకంలో ఆమె అతణ్ణి అందరి ముందూ కడిగిపారేయాలి. గ్లోరీ నోట ఆ మాటలు గొణుగుడులా వచ్చేవి.

"ఏటమ్మా, ఆడిని పొమ్మంటన్నావా, బోజనానికి రమ్మంటన్నావా?" అని విసుక్కున్నాడు నాటకం నేర్పుతున్న గణపతిరావు మాస్టారు.

విరామంలో ధర్మేంద్ర టీ గ్లాసుతో ఆమె దగ్గరికి వచ్చాడు.

"నా గురించి జంకుతన్నారా మేడం?"

"మళ్లీ మిమ్మల్ని బాధపెట్టడం ఇష్టం లేదు సార్."

"మీరు వద్దంటే బాధపడి ఊరుకుందును. సూద్దాం అన్నారు. ఇంటికాడ తెచ్చిన సంబంధాలన్నీ వదులుకుని రెండేళ్లూ సూసేను."

గ్లోరీకి అప్పుడు అర్థమైంది. మంచితనమనుకుని తాను చేసిన పని ఇన్నాళ్లూ అతణ్ణి గుమ్మంలో నిలబెట్టింది.

"నాకు మీ మీద ఆ మనసు లేదు సార్," అంది నెమ్మదిగా. "అప్పుడూ లేదు, ఇక రాదు కూడా. ఆ రోజే సెప్పాల్సింది. తప్పు నాదే."

అతను గ్లాసులోకి చూస్తూ ఉండిపోయాడు. కళ్లు తడిశాయి.

"సరే. ఈ మాటే స్టేజీ మీద గట్టిగా సెప్పండి. ఎనక బెంచీలోళ్లకి ఇనబడాల."

ప్రదర్శన రోజు ఆమె గొంతు హాలంతా మోగింది. తలపాగా జారిపోతుండగా ధర్మేంద్ర కూలబడిన తీరుకి జనం పొట్టచెక్కలయ్యేలా నవ్వారు. ముందు వరసలో వాళ్లమ్మ జగ్గమ్మ మాత్రం నవ్వకుండా కొడుకునే చూస్తూ కూర్చుంది.

నెల తర్వాత విజయనగరంలో ఒక స్కూలు వాళ్లు అదే నాటకం వేయమని పిలిచారు. బస్సులో గ్లోరీ పక్క సీటు ఖాళీగా ఉంటే ధర్మేంద్ర వచ్చి కూర్చున్నాడు.

"అరసవల్లిలో ఒక సంబంధం సూసేం మేడం. పేరు యమున. పోస్టాఫీసులో పని సేస్తాది."

ఫోనులో ఫొటో చూపించాడు. రణస్థలం దాటేదాకా ఆ అమ్మాయి గురించే చెప్పాడు. ఎందుకో కొంచెం వెలితిగా అనిపించినా, గ్లోరీ శ్రద్ధగా వింది.